ఫోమ్ ఉన్న చిన్న తెరచాప పడవ నిజంగా మునగదా? ఒడ్డునే తేల్చుకోవడం ఎలా

పిల్లలకి సెయిలింగ్ నేర్పించాలని హుస్సేన్ సాగర్‌కి తీసుకొచ్చే తల్లిదండ్రులు మొదటి రోజు అడిగేది ఒకటే. "అన్నా, ఈ పడవ మునగదు కదా?" పక్కన ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు "మునగదమ్మా, లోపల ఫోమ్ ఉంది" అనేస్తారు. ఆ మాట నిజమే. కానీ విన్నవాళ్ళు అంతటితో నిశ్చింతగా వెళ్ళిపోతుంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది.

నేను కాకినాడలో ఫైబర్ పని నేర్చుకున్నవాణ్ణి. వేటకి వెళ్ళే ఫైబర్ తెప్పలకి గాజు పీచు మ్యాట్ పరిచి, రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పూసి, గదుల్లో ఫోమ్ పోసి మూసేవాళ్ళం. ఇప్పుడు ఇక్కడ ఆప్టిమిస్ట్, లేజర్, 420 అనే రకాల చిన్న తెరచాప పడవలు బాగు చేస్తుంటాను. ఇన్నేళ్ళ పనిలో నాకు అర్థమైంది ఏంటంటే, నీళ్ళు నిండినా అడుక్కి పోని పడవ చెయ్యడం తేలికే. నీళ్ళు నిండాక కూడా మనిషికి పనికొచ్చే పడవ కావాలంటే మాత్రం ఫోమ్ ఎంత ఉంది, ఎక్కడ ఉంది, ఇవాళ ఎలా ఉంది అని మూడూ చూడాలి. ఎవరి పడవకి వాళ్ళే ఇవి చూసుకోవచ్చు.

ముందు లెక్క

నీళ్ళతో నిండిపోయిన పడవకి దాని అసలు బరువంతా ఉండదు. మునిగిన వస్తువు తను నెట్టిన నీటి బరువంత తేలికవుతుంది. పడవల ఫైబర్ నీటికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి, మునిగాక దాని బరువులో మూడో వంతు మిగులుతుంది. అల్యూమినియానికి 63 శాతం, ఇనుముకి 87 శాతం, సీసానికి 91 శాతం మిగులుతుంది. కర్ర చాలావరకు తనే తేలుతుంది. మా తీరంలో పాతకాలపు కర్ర తెప్ప ఎందుకు మునగదంటే, అది దుంగలు కలిపి కట్టినది, నీళ్ళు నిలవడానికి దానికి గుంటే లేదు. అల పైనుంచి వచ్చి సందుల్లోంచి పోతుంది. పడవకి లోపల ఖాళీ పెట్టిన రోజు నుంచే ఈ ఫోమ్ గొడవంతా మొదలైంది.

పోసే పాలీయూరిథేన్ ఫోమ్ మామూలుగా క్యూబిక్ మీటరుకి 32 కిలోల దాకా ఉంటుంది. అంటే ఒక లీటరు ఫోమ్ సుమారు 970 గ్రాములు పైకి లేపుతుంది. గాలి సంచి అయితే లీటరుకి దాదాపు కిలో.

ఒక పన్నెండు అడుగుల పడవ తీసుకుందాం. ఫైబర్ 100 కిలోలు, అల్యూమినియం మాస్ట్ (తెరచాప స్తంభం), బూమ్ (తెరచాప అడుగు కర్ర) కలిపి 12 కిలోలు, ఇనప పలక, లంగరు లాంటివి 20 కిలోలు. నీళ్ళలో మిగిలే బరువు ఫైబర్‌కి 33, అల్యూమినియానికి ఏడున్నర, ఇనుముకి పదిహేడున్నర. మొత్తం 58 కిలోలు. అరవై లీటర్ల ఫోమ్ ఉంటే ఈ పడవ "మునగదు". అమ్మేవాడు ధైర్యంగా ఆ మాట అనొచ్చు. కానీ అప్పుడు పడవ అంచు కూడా బయటికి కనపడకుండా నీటి మట్టానికి వేలాడుతూ ఉంటుంది. మనిషి చెయ్యి వేస్తే కిందికి పోతుంది.

ఇద్దరు పెద్దవాళ్ళు నడుము లోతు నీళ్ళలో అందులో కూర్చోవాలంటే, 70 కిలోల మనిషికి తలా 35 వేసుకోండి. 58కి 70 కలిపితే 128. అంచు నీటి పైన నిలబడి, నీళ్ళు తోడుకునే వీలుండాలంటే దీనికి ఇంకో సగం కలపాలి. 192 కిలోలు, అంటే దాదాపు 200 లీటర్లు. అరవై ఎక్కడ, రెండొందలు ఎక్కడ! రెండు పడవల్నీ "మునగనివి" అనే అమ్ముతారు. అందుకే పడవ చూపించేవాణ్ణి "ఫోమ్ ఉందా" అని అడక్కండి, "ఎన్ని లీటర్లు" అని అడగండి. చెప్పలేకపోతే టేపు పట్టుకుని గదుల కొలతలు మీరే తీసుకోండి.

విదేశాల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ పడవల విషయంలో ఇంకో సంగతి. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనలు 20 అడుగుల లోపు మోటారు పడవలకి నీళ్ళు నిండినా తేలాలని షరతు పెడతాయి. అదే నిబంధనలో తెరచాప పడవలకి మినహాయింపు ఉంది. కాబట్టి "అమెరికా పడవ సార్, రూల్ ప్రకారం ఫోమ్ ఉండి తీరుతుంది" అంటే నమ్మొద్దు. యూరప్ పడవలకైతే ఆరు మీటర్ల లోపువాటికి ఐఎస్ఓ 12217-3 అనే ప్రమాణం ఉంది. కాగితాల్లో ఆ నంబరు, పక్కన తేలే పరీక్ష గురించిన మాట ఉన్నాయేమో చూడండి.

ఎక్కడ ఉంది

200 లీటర్ల ఫోమూ నేల కింద పెట్టారనుకోండి. నీళ్ళు నిండిన పడవని అది అడుగు నుంచి పైకి తోస్తుంది, ఒక పక్కకి మనిషి ఒరిగాడంటే చాలు, పడవ దొర్లిపోతుంది. అదే ఫోమ్ రెండు పక్కల గోడలకి, అంచు కిందగా పెడితే పడవ నిటారుగా నిలబడుతుంది. ముందు, వెనక కూడా బరువుని బట్టి పంచాలి. వెనక ఇంజన్ తగిలించుకునే పడవకి వెనక ఫోమ్ తక్కువైతే ముక్కు ఆకాశం చూస్తుంది, మనుషులందరూ ఆ ఒక్క కొసకి వేలాడతారు.

మరి ఫోమ్ అంతా పక్కలకే వేసేస్తే సరిపోతుందా? అక్కడా చిక్కుంది. 420లో రెండు పక్కలా పెద్ద గాలి గదులుంటాయి. బోల్తా పడినప్పుడు ఆ గది మీద పడవ నీళ్ళకి ఎత్తుగా, పక్కకి పడుకుని తేలుతుంది. మళ్ళీ లేపితే లోపల నీళ్ళు పెద్దగా ఉండవు, అది సుఖం. కానీ అలా ఎత్తుగా తేలే పడవని గాలి ఈదేవాడికన్నా వేగంగా తోసుకుపోతుంది. ఇంకాసేపు వదిలేస్తే మాస్ట్ కిందికి దిగి పూర్తిగా తలకిందులవుతుంది. మా దగ్గర అడుగు బురద, మాస్ట్ అందులో దిగబడితే బోటు వచ్చి సాయం చేసేదాకా కదలదు. పడవ గాలికి కొట్టుకుపోయి దూరమవకూడదనే, పడేటప్పుడు షీట్ తాడు (తెరచాపని లాగి పట్టే తాడు) చేతిలోంచి వదలొద్దని పిల్లలకి నూరిపోస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ పడవలకి మాస్ట్ చివర చిన్న గాలి సంచి కట్టమని నేను చెబుతాను. చూడ్డానికి బాగుండదని పెద్ద పిల్లలు తీసేస్తుంటారు. నేర్చుకునే ఏడాది మాత్రం ఉండనివ్వండి.

ఇవాళ ఎలా ఉంది

నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. కొత్తగా ఉన్నప్పుడు అన్ని పడవలూ మునగనివే.

ఆప్టిమిస్ట్‌తో మొదలుపెడదాం. ఏడూ ఎనిమిదేళ్ళ పిల్లలు ఒంటరిగా నడిపే పడవ, 2.3 మీటర్ల పొడుగు, 35 కిలోలు. అందులో మూడు గాలి సంచులుంటాయి, రెండు పక్కలకి, ఒకటి వెనక. ఒక్కోటి దాదాపు 45 లీటర్లు. మూడూ బాగుంటే నీళ్ళు అంచు దాకా నిండినా పిల్లవాడు లోపలే కూర్చుని బెయిలర్‌తో (నీళ్ళు తోడే డబ్బాతో) తోడుకోగలడు. ఇంత చిన్న పడవకి ఇది గొప్ప ఏర్పాటు. ఒక్క సంచి ఖాళీ అయితే మాత్రం ఆ మూల కిందికి వాలి, అక్కడి అంచు మీదుగా చెరువు లోపలికి వస్తూనే ఉంటుంది. ఎంత తోడినా దండగే.

సంచిని ఇలా చూడండి. సాయంత్రం గట్టిగా ఊది, మర్నాడు సాయంత్రం అదే వేళకి నొక్కి చూడండి. మధ్యాహ్నం ఊది రాత్రి చూస్తే చల్లదనానికే మెత్తబడి ఉంటుంది, లీక్ అనుకుని కంగారు పడతారు. నిజంగానే మెత్తబడితే సబ్బు నీళ్ళు రాయండి. నా అనుభవంలో ఎక్కువసార్లు కారేది మూత దగ్గర, లేదా అతుకు మడత పడే మూల. సంచి బాగుంటే సరిపోదు, దాన్ని పట్టి ఉంచే పట్టీలు కూడా చూడాలి. ఎవరూ చూడనివి ఇవే. మునిగిన పడవలో ఆ సంచి 45 కిలోల బలంతో పైకి లాగుతుంది. పట్టీని బిగించిన స్క్రూ ఫైబర్‌లో వదులుగా ఉంటే సంచి ఊడి పైకి తేలిపోతుంది, పడవ కిందే ఉంటుంది. కాబట్టి సంచిలో గాలి తీసి, పట్టీ కింద రెండు చేతులూ దూర్చి, కాలు పడవ అడుక్కి ఆనించి, నిజంగా బలం పెట్టి లాగండి. స్క్రూ చుట్టూ జెల్‌కోట్‌లో (ఫైబర్ మీది నున్నటి పై పొరలో) వెంట్రుకంత సన్నటి గీతలు గుండ్రంగా తెరుచుకుంటున్నాయంటే ఫైబర్ అక్కడ చచ్చిపోయింది. స్క్రూ బిగించి లాభం లేదు. వెనకవైపు నుంచి రెండు పొరల మ్యాట్ వేసి, ఆరాక కొత్తగా బిగించాలి. గట్టిగా ఊదాక పట్టీకి, సంచికి మధ్య వేలు దూరనంత బిగుతుగా ఉండాలి.

లేజర్ వేరే రకం. 4.2 మీటర్లు, ఖాళీ హల్ (పడవ ఒళ్ళు) 59 కిలోలు. పైన డెక్, కింద హల్ కలిపి అతికిన ఒకే పెద్ద గాలి గది అది. అత్యవసరానికి లోపల ఫోమ్ దిమ్మలో, గాలి నింపిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి, కానీ రోజూ దాన్ని తేల్చేది ఆ మూసిన గాలే. లోపలికి పది బకెట్ల నీళ్ళు చేరితే ఆపడానికి మధ్యలో గోడలు లేవు. ఏ పక్కకి వాలితే అటే పరుగెడతాయి, పడవ లేపినా నిలవదు.

లేజర్‌కి నేను ముందు చేసేది మాస్ట్ గుంత పరీక్ష. మాస్ట్ తీసేసి ఆ గుంత నిండా నీళ్ళు పోసి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. మట్టం తగ్గిందా, గుంత అడుగు పగిలి నీళ్ళు హల్ లోపలికి పోతున్నాయన్నమాట. ఆ పడవ ఆ రోజు నీళ్ళలోకి దిగకూడదు. సెయిల్ మీద పడే గాలి బలమంతా ఆ గుంత మీదే ఉంటుంది. చిన్న పగులు గట్టి గాలిలో ఒక్కసారిగా డెక్‌ని చీల్చేస్తుంది.

తర్వాత అతుకులు. వెనకున్న డ్రెయిన్ రంధ్రంలోంచి నోటితో మెల్లగా ఊదడానికి ఒక గొట్టం టేపుతో చుట్టి పెట్టండి. కాక్‌పిట్ (మనిషి కూర్చునే గుంట) ముందు గోడలో చిన్న గాలి రంధ్రం ఉంటుంది, దాన్ని టేపుతో మూయండి. ఒకరు ఊదుతుంటే ఇంకొకరు అంచు అతుకు పొడుగునా, చుక్కాని బిగించే స్క్రూల చుట్టూ, కాక్‌పిట్ నీళ్ళు బయటికి పోయే బెయిలర్ చుట్టూ సబ్బు నీళ్ళు బ్రష్‌తో రాయాలి. బుడగ వచ్చిన చోట మార్కర్‌తో గుర్తు పెట్టండి. టైర్ల షాపు నుంచి కంప్రెసర్ తెచ్చి పెట్టొద్దు, బాగున్న అతుకు కూడా విచ్చుకుంటుంది. పనయ్యాక ఆ చిన్న రంధ్రం మీది టేపు తప్పకుండా తీసెయ్యండి. అది ఎందుకుందంటే, ఎండలో కాగిన పడవని చెరువులో పెట్టగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. రంధ్రం లేకపోతే ఆ పీల్పు ఎక్కడ సన్నటి సందుంటే అక్కడి నుంచి నీళ్ళని లోపలికి లాక్కుంటుంది.

420లాంటి గదులున్న పడవలకి గుండ్రటి మూతలుంటాయి. మూత తీసి రబ్బరు రింగు చూడండి. చదునుగా అణిగిపోయి, గోరుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంటే మార్చెయ్యండి. కొత్త రింగుకి కొంచెం సిలికాన్ గ్రీజు చాలు.

ఇక పోసిన ఫోమ్. దాని మీద జనానికి ఉన్నంత నమ్మకం నాకు లేదు. ఫైబర్‌కి ఎక్కడో చిన్న పగులు వస్తే నీళ్ళు ఫోమ్‌కీ గోడకీ మధ్య సందులో చేరి అక్కడే ఉంటాయి. ఏళ్ళ తరబడి నానితే ఫోమ్ కూడా పీల్చుకుంటుంది. పైకి ఏమీ కనపడదు. తెలుసుకోవడానికి తూకమే దారి. వేలాడే కాటా ఒకటి అద్దెకి తెచ్చి, పడవని బెల్టులతో ఎత్తి తూచండి. ఉండాల్సిన బరువుకన్నా అయిదారు కిలోలు ఎక్కువుంటే, ఆ ఎక్కువ రిపేరు మ్యాట్‌దా నీళ్ళదా తేల్చాలి. గదిలో అన్నిటికన్నా కింద ఉన్న చోట చిన్న రంధ్రం వేసి, సన్న గొట్టంతో కొంచెం ఫోమ్ తీసి పిండి చూడండి. బాగున్న ఫోమ్ పొడిగా పొట్టులా రాలుతుంది. పాడైంది గోధుమరంగు తిరిగి, వేళ్ళకి చెమ్మ అంటుతుంది. ఆ చెమ్మని ఎండబెట్టి పోగొట్టగలమని కొందరు పడవని వేసవంతా బోర్లించి పెడతారు. చుట్టూ మూసి ఉన్న ఫోమ్ లోంచి నీళ్ళు అలా పోవు. కోసి తీసి, కొత్తది వెయ్యాల్సిందే.

డబ్బులు తక్కువున్నవాళ్ళకి నేను చెప్పేది రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు. మూత గట్టిగా బిగించి, వల సంచిలో వేసి, గది లోపల కదలకుండా కట్టండి. పైన లెక్క వేసిన పడవకి వంద సీసాలు కావాలి. ఒకటి రెండు పాడైనా మిగతావి ఉంటాయి, ఏటా తీసి చూసుకోవచ్చు. థర్మకోల్ పెడతామంటే పెట్టండి గానీ దాని మీద నేరుగా పాలిస్టర్ రెజిన్ పూయొద్దు, పెట్రోలు తగలనియ్యొద్దు. రెండూ దాన్ని కరిగించేస్తాయి. మూసిన డెక్ కింద ఖాళీ మిగిలిందని బయటికి తెలీదు కూడా.

నింపి చూడటం

లెక్కలు, తూకాలు అయ్యాక అసలు పరీక్ష ఇది. గాలి లేని ఉదయం, నడుము లోతు నీళ్ళలో, ఒడ్డుకి తాడు కట్టి, ఇద్దరు పెద్దవాళ్ళు లైఫ్ జాకెట్లతో. ఖాళీ పడవలోకి బకెట్లతో నీళ్ళు పోస్తూ అంచు దాకా నింపండి. తర్వాత నడిపే మనిషిని లోపల కూర్చోబెట్టండి.

అంచు చుట్టూ నీటికి పైనే ఉందా? ఏ మూలన్నా వాలిందా? ఇవి అందరూ చూస్తారు. మీరు ఇంకోటి చూడండి: డాగర్‌బోర్డు (పడవ మధ్యలోంచి నీళ్ళలోకి దించే పలక) దిగే పెట్టె పై నోరు. అది నీటి మట్టానికి కిందికి పోయిందంటే, ఆ సందులోంచి చెరువు లోపలికి వస్తూనే ఉంటుంది. అలాంటి పడవ వందేళ్ళు తేలినా తోడి ఖాళీ చెయ్యలేరు. అక్కడ ఇంకా ఫోమ్ కావాలి, లేదా ఆ నోరుని మూసే గుడ్డో రబ్బరు ముక్కో పడవలోనే కట్టి ఉంచాలి. తోడి చూడండి, నిజంగా ఖాళీ అవుతోందో లేదో.

తర్వాత కొంచెం లోతులో, మాస్ట్ అడుగుకి తగలని చోట, పక్కనే మోటారు బోటు ఉండగా బోల్తా కొట్టించండి. పక్కకి పడ్డ పడవ ఎంతసేపు అలా ఉంటుంది, ఎప్పుడు తలకిందులవుతుంది, డాగర్‌బోర్డు మీ పిల్లవాడికి అందే ఎత్తులో ఉందా, వాడి బరువుకి పడవ లేస్తుందా. ఇవన్నీ చూడాల్సింది ఆ పడవ నడిపేవాడితోనే. 80 కిలోల కోచ్ లేపితే లేచింది అన్నది 40 కిలోల పిల్లకి పనికిరాదు.

కీల్ ఉన్న పడవలు

కీల్ అంటే పడవ అడుగున బిగించిన బరువైన రెక్క. ఇలాంటి పడవల గురించి కొంచెమే చెబుతాను, మన చెరువుల్లో తక్కువ. కింద సీసం ఉన్న పడవకి ఆ సీసాన్ని మోసేంత ఫోమ్ కావాలి. 400 కిలోల సీసానికే 375 లీటర్లు. బెల్జియంలో ఎటాప్ అనే కంపెనీ రెండు పొరల మధ్య ఫోమ్ నింపి కీల్ పడవలు చేసి, మునగవని అమ్మింది. అయ్యే పనే, లోపలి చోటు తగ్గుతుందంతే. నీళ్ళే బరువుగా నింపుకునే పడవలకి ఈ బాధ లేదు, నీళ్ళలో నీళ్ళకి బరువుండదు. కానీ ఆ ట్యాంకు నింపకుండా బయల్దేరితే పడవకి నిలకడే ఉండదు. 2002లో అమెరికాలో షాంప్లేన్ సరస్సు మీద అలాంటి 26 అడుగుల పడవ, లోపల ఫోమ్ ఉన్నదే, జనం ఎక్కువై తలకిందులైంది. పడవ తేలుతూనే ఉంది. క్యాబిన్‌లో ఉన్న ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. మీ పడవకి క్యాబిన్ ఉంటే, నీళ్ళ మీద ఉన్నంతసేపూ పిల్లల్ని బయటే, లైఫ్ జాకెట్‌తో కూర్చోబెట్టండి. ట్యాంకు నిండిందో లేదో చూడకుండా తాడు విప్పొద్దు.

ఎప్పుడు చెయ్యాలి

మాకు మంచి గాలి వచ్చేది జూన్ నుంచి ఆగస్టు దాకా, వర్షాకాలంలో. పోటీలూ అప్పుడే. అందుకే ఇవన్నీ మే నెలలో చేసెయ్యాలి. రెజిన్ ఆ ఎండకి తొందరగా గట్టిపడుతుంది కాబట్టి హార్డెనర్ తగ్గించి కలపండి, పొద్దున్నే పని పెట్టుకోండి. సీజన్‌లో వారానికోసారి సంచులు నొక్కి చూడటం, పట్టీ లాగి చూడటం, మాస్ట్ గుంతలో నీళ్ళు పోయడం, ఈ మూడే చాలు. పడవ ఒడ్డుకి రాగానే డ్రెయిన్ ప్లగ్ తీసి, వచ్చిన నీళ్ళని ఒక మగ్గులో పట్టండి. నిన్నటికన్నా ఇవాళ ఎక్కువ వస్తే ఎక్కడో సందు పెరుగుతోంది. రాత్రికి గదుల మూతలన్నీ తీసి ఉంచండి, పొద్దున మళ్ళీ పెట్టేవరకు వాటిని షీట్ తాడుకి గుచ్చి ఉంచితే, మూత లేకుండా ఎవరూ పడవని నీళ్ళలోకి తోయలేరు.